వలిసె నూనె వాసన

సొమ్మెలీ,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. మన బుద్రికి కూతురు పుట్టింది. ఇవాళ మన ఇంటి వెనకే ఆ పసిదానికి నీళ్లు పోశారు. పోసింది నేనే.

మీ అమ్మ ఒప్పుకోలేదు. "ఆడపిల్లకి మగోడు నీళ్లు పోత్తాడేటి? నలుగురూ నవ్వుతారు," అంది. బుద్రి బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "నవ్వనీ అమ్మమ్మా. నాకు పోసింది మా అయ్యే గదా," అంది.

గోరువెచ్చని వలిసె గింజల నూనె బిడ్డ మాడుకి అద్దగానే, ఆ వాసనకి బుద్రి పసితనమంతా తిరిగొచ్చింది. నువ్వు కాన్పులో పోయిన పదో రోజున మీ అమ్మ వచ్చి, "గుంట నీ సేతిలో బతకదు, నాకిచ్చెయ్," అంది. ఇవ్వనన్నాను. కొత్తల్లో నూనె మరీ కాచి చేతులు కాల్చుకున్నాను. బిడ్డను గుడ్డతో గుండెకు కట్టుకుని కాఫీ తోటలో పనికి వెళ్లాను. నా చొక్కా ఎప్పుడూ మేకపాలు, నూనె కలిసిన వాసన వేసేది. డుంబ్రిగుడ సంతలో మగవాళ్లు ముక్కు మూసుకుని ఎగతాళి చేస్తే, ఇంకా దగ్గరికి వెళ్లి నిలబడేవాణ్ణి.

ఇవాళ ఈ బిడ్డ ఏడవలేదు. నా కాళ్ల మీదే నిద్రపోయింది. మీ అమ్మ చాలాసేపు చూసి, "నీళ్లు ఇంకాస్త వేడుండాల," అంది.

"అక్కర్లేదత్తా, సరిపోనాయి," అన్నాను. "రేపు కూడా నానే పోత్తాను."