మూసేసిన ఫిర్యాదు

వెంకటసాయి అన్నకు చెల్లెలు సంయుక్త నమస్కరించి రాసేది.

ఇక్కడ నాన్న, అవ్వ, నేను ఆరోగ్యంగానే ఉన్నాం. ఆ మంచుకొండల్లో నువ్వు, నీ తోటి జవాన్లు కూడా బాగున్నారని తలుస్తాను. ఆదోని కాలేజీకి పోతున్నావా అని అడిగావు. పోతున్నాను. ఈసారి పత్తి వానకు తడిసి నల్లబడింది. మార్కెట్‌లో ఎవరూ చేయి పెట్టి చూడటం లేదు. నాన్న మోకాలి నొప్పి అలాగే ఉంది.

కొళాయి సంగతి కూడా అడిగావు. పోయిన సెలవుల్లో నా ఫోన్‌లో ఫిర్యాదుల యాప్ పెట్టి, "ఇంక ఎవరి కాళ్లూ పట్టుకునే పన్లేదు" అన్నావు. నమ్మాను. మన వీధికి నీళ్లు వచ్చేశాయని పైపుల కాంట్రాక్టరు తిమ్మన్న బిల్లులు తీసుకున్నాడు కదా. పక్కింటి హమీదాబీ కొళాయి ధారగా పారుతున్న ఫోటో నీళ్ల ఆఫీసు వెబ్‌సైట్‌లో ఉంది. ఆ పూట ట్యాంకరు తెచ్చి, పైపులోకి నీళ్లు వదిలి తీసిన ఫోటో అది. తర్వాత చుక్క రాలేదు.

నేను వీడియో తీశాను. హమీదాబీ కొళాయి తిప్పి, "సూడండి సార్, గాలి తప్ప ఏమీ రాల్యా" అంది. దాన్ని యాప్‌లో పంపాను. పేరు బయటికి రాదని అందులో రాసి ఉంది. అయినా ఆ వారమే మా వీడియో తిమ్మన్న ఫోన్‌లో కనిపించింది. హమీదాబీ కొడుకు ఖాజా ఆటోను, కాగితాలు లేవని పోలీసులు పట్టుకుపోయారు. ఇంకా వదల్లేదు.

ఇంతవరకు నీకు ఫోన్‌లో చెప్పాను. ఫిర్యాదు విచారణలో ఉందని కూడా చెప్పాను. అది అబద్ధం అన్నా. దాన్ని మూసేశారు. మూయించింది నేనే.

సమస్య తీరిందని ఆఫీసు వాళ్లు రాసుకోవాలంటే నా ఫోన్‌కు వచ్చే ఓటీపీ కావాలి. తిమ్మన్న మన మంచం మీదే కూర్చొని అడిగాడు. నేను ఫోన్ వెనక దాచుకున్నాను. అప్పుడతను అవ్వ వైపు తిరిగి, "అవ్వా, పింఛను సక్కగా వస్తాండాదా?" అన్నాడు. అంతే.

"సెప్పుమ్మా, మనకెందుకు" అన్నాడు నాన్న. ఒక్కో అంకే చెప్పాను. 'మీ సమస్య పరిష్కారమైంది' అని మెసేజ్ వచ్చింది.

హమీదాబీ రోజూ గోడ అవతలి నుంచి, "ఏమాయె బేటీ, మన అర్జీ?" అని అడిగేది. నిన్న చెప్పేశాను. ఆమె తిట్టలేదు. చేతిలో చెంబు గోడ మీద పెట్టి అడిగింది.

"నా మాట ఆ ఫోన్లో ఇంకా ఉండాదా?"

"ఉంది."

"అయితే మళ్లా పంపు. ఈతూరి నా నంబరు ఇయ్యి. నాకు సదువు రాదు కదా, ఆ అంకెలు ఎవరడిగినా సెప్పలేను."

ఆ అంకెల కోసం వాళ్లు ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కుంటే చాలునని నేను చెప్పలేకపోయాను.

ఈ ఉదయం మళ్లీ పంపాను. నంబరు నాదే ఇచ్చాను. నాన్న నాతో మాట్లాడటం లేదు. అవ్వ పింఛను ఆగితే ఆమె మందులు నువ్వే చూసుకోవాలి. తిమ్మన్న మళ్లీ వస్తాడు. ఈసారి నోరు తెరవకుండా ఉండగలనో లేదో నాకే తెలియదు. ఈ ఉత్తరం నీకు అందేలోపు అతను వచ్చి పోయి ఉంటాడు.

ఇట్లు,
నీ జవాబు కోసం కాచుకొని ఉన్న
చెల్లెలు సంయుక్త