తల దించుకోవడం

2006 జూలై 3
భీమడోలు నుంచి ప్యాసింజర్‌లో నిలబడే వచ్చాను. ఏలూరులో, మాట రాని పిల్లలకు నేర్పే పనిలో శిక్షణ ఈ నెలతో ఆఖరు. తర్వాత జంగారెడ్డిగూడెం సెంటర్.
నజ్మా — తివాచీలు నేసే ఇంటి పిల్ల, జుట్టులో ఎప్పుడూ ఓ ఉన్ని పోగు. నాలుగేళ్లు. మాట లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరగదు. ఈవేళ సబ్బుబుడగలు ఊది, సీసాకు మూత బిగించి ఊరుకున్నాను. పాఠం అదే: పిల్ల అడిగేదాకా ఆగడం. చాలాసేపు... సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. కళ్లలోకి చూసింది.
మధ్యాహ్నం క్యారేజీ తెరవడం మరిచాను.

జూలై 5
గుమ్మంలోంచే నజ్మా నా దగ్గరికి పరుగు. తోటివాళ్లు టీకి వెళ్తూ, "నువ్వెలాగూ రావులే." నిజమే.

జూలై 6
వాళ్లమ్మ ఫరీదాగారు చెప్పులేసుకుంటూ — "మీరంటే ప్రాణమండీ దానికి. ఇంట్లో నేనూదితే గోడవైపు తిరిగిపోద్దండీ. ఆగమంటారు గానీ, దాని మొహం చూస్తే ఆగలేనండీ. అడక్కుండానే ఊదేస్తాను." నవ్వారు. నేను సీసా తుడుస్తూ కూర్చున్నాను.

జూలై 10
మాకు నేర్పే సరళ మేడమ్ బయటికి పిలిచారు. "బాగా చేస్తున్నావమ్మా. చిక్కంతా అదే. నెలాఖరుకి నువ్వెళ్లిపోతావు, దాని అడగడమూ నీతోనే పోద్ది. సీసా వాళ్లమ్మకిచ్చెయ్. నీ దగ్గరికొస్తే తల దించుకో."
తల దించుకోవడం... కాన్వెంటులో నేర్చిందంతా అదే కదా.

జూలై 11
సీసా ఇవ్వలేదు. రేపు.

జూలై 12
ఇచ్చాను. నజ్మా దాన్ని లాక్కుని నా మోకాలి మీద పెట్టింది. తల దించుకున్నాను. గడ్డం పట్టుకుని పైకెత్తబోయింది. కళ్లు మూసుకున్నాను. ఏడుపు. "పోనీ ఒక్కసారి ఊదండి మేడమ్," అన్నారు ఫరీదాగారు. ఊదలేదు.
రైల్లో కిటికీ సీటు దొరికింది. చేపల చెరువుల మీద వాన.

జూలై 13
రాలేదు.

జూలై 14
రాలేదు. మేడమ్ "వస్తార్లే" అన్నారు, నా వైపు చూడకుండా.

జూలై 17
వచ్చారు. నజ్మా పరిగెత్తలేదు. ఫరీదాగారు నేలమీద కూర్చుని ఊదారు. మూత పెట్టి ఆగారు. పిల్ల సీసా తీసుకుని నా వైపు రెండడుగులు వేసి నిలబడింది. తల దించుకున్నాను. గచ్చు మీద ఆ చిన్న పాదాలు — వెనక్కి తిరిగాయి. ఎంతసేపటికో ఒక బుడగ నా చేతిమీద వాలి పగిలింది.
తల్లి దగ్గరికెళ్లి అడిగిందా... ఆగలేక ఆవిడే ఊదేశారా...
మేడమ్‌ను అడుగుదామని మెట్లదాకా వెళ్లి, అట్నుంచటే స్టేషన్‌కు వచ్చేశాను.