బాపు అడిగిన రెండో మాట

బాపూ,

గనిలో పైకప్పు తట్టి చూసి, పదిలమేనని తేదీ వేసి సంతకం పెట్టే సుద్దముక్కతోనే క్వార్టరు తలుపు మీద, కలిపి మాట చెయ్యమని నాకు అక్షరాలు రాసేవాడివి. మాట దొరికితే దాని కిందా తేదీ, సంతకం. చివరిసారి ప, ల, క రాశావు. 'పలక' అన్నాను.

"ఇంకోటున్నది బిడ్డా. డ్యూటీకెల్లి వచ్చినంక చూస్త" అని సైకిలెక్కావు. ఆ షిఫ్టులోనే నీ గుండె ఆగింది. నేను మళ్లీ ఆ అక్షరాల జోలికి పోలేదు.

ఇవాళ నువ్వు పోయిన రోజు. అవే మూడూ తలుపు మీద రాసి నా కూతురికి చూపించాను.

"కలప! గింతేనా అమ్మా?" అంది.

గనిలో రోజూ నీ నెత్తిమీది కప్పును మోసింది ఆ కలప దుంగలే కదా, నాకెందుకు తట్టలేదో! కింద తేదీ వేశాను. సంతకం జాగా నీకే వదిలాను.