తట్టి చూస్తే ఒకటే చప్పుడు

నాన్నా, నేను కులాసాగానే ఉన్నాను, వేళ్ళు పదీ ఉన్నాయని అమ్మతో ముందు చెప్పండి.

పడవ పైచెక్కలు కుళ్ళిపోతే ఊడబీకి, కొత్తవి ఎపాక్సీ జిగురుతో అతికించాను. రెండు డబ్బాల్లోవీ కలిపితే గిన్నె వేడెక్కి చెయ్యి కాలినంత పనైంది, సాయంత్రానికల్లా రాయిలా బిగుసుకుంది. మీరు నేర్పినట్టే, పుచ్చు ఉన్నచోట చప్పుడు మారుతుందని సుత్తి పిడితో తట్టుకుంటూ పోయాను. ఎక్కడ తట్టినా ఒకటే చప్పుడు. బాగుందిలెమ్మని చెక్కల కింద వదిలేసిన పాత దూలం మీదా అదే. అది నిజంగా గట్టిదో, లోపల పుచ్చిపోయి పైకి బుకాయిస్తోందో అంతుపట్టడం లేదు. కోసి చూద్దామంటే చేసిందంతా పాడవుతుంది. పడవ యజమాని పిల్లల్ని ఎక్కించుకుని తిరగాలని తొందరపడుతున్నాడు. ఇంకా ఆరలేదని బొంకాను.

చెల్లి కళ్ళద్దాలు మార్పించారా? నా పాత ఉలి ఎవరికీ ఇవ్వొద్దు. అమ్మకీ మీకూ దండాలు.

మీ పెద్దాడు

చోటు చాలక అంచున రాస్తున్నాను. తట్టేటప్పుడు మీరు ఎడమ అరచెయ్యి చెక్కకి ఆనించి ఉంచేవారు. నడుం నొప్పికేమో అనుకుని ఎన్నడూ అడగలేదు. ఇవాళ నేనూ ఆనించాను. ఏదో తెలిసినట్టే ఉంది, ఏమిటో తెలీదు. ఆ చెయ్యి దేనికో రాయండి. అప్పటిదాకా పిల్లల్ని ఎక్కనివ్వను.