ఒడిబియ్యంలో పోసిన నాలుగు లక్షల గురించి దేవమ్మ వీలునామా

వికారాబాద్‌లో ఉంటున్న, కీర్తిశేషులు జంగప్ప భార్య దేవమ్మ అనే నేను, వయసు డెబ్బై ఒకటి, నా ఇష్టంతో నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. నా తెలివి నిలకడగానే ఉంది. నిద్ర మాత్రం లేదు. నిద్ర పట్టకపోవడం, మతి పోవడం ఒకటి కాదని డాక్టరమ్మ చెప్పింది. ఎవరికైనా అనుమానముంటే ఆమెను అడగండి. అక్షరాలు వంకరగా ఉన్నది బీపీ వల్ల. నేను చదివింది ఐదో తరగతి. దస్తావేజులు రాసే ఆయనతో రాయిద్దామంటే ఆయన నా కొడుక్కు దోస్తు.

1. నేను ఉంటున్న రెండు గదుల ఇల్లు నా సొంతం. మా ఆయన తాండూరు నాపరాళ్ల గనిలో పని చేసి నా పేరు మీద కొన్నాడు. కాగితాలు బియ్యం డబ్బాలో లేవు, అక్కడ వెతకొద్దు. మొన్న తీసి పెట్టెలో పెట్టాను.

2. నా తర్వాత ఈ ఇల్లు అమ్మాలి. పెద్దేముల్‌లో ఉండే నా తమ్ముడు బిచ్చయ్య ముందు నిలబడి అమ్మించాలి. తమ్ముడూ, జర తొందరపడకు, మొదట అడిగినవాడికే ఇచ్చెయ్యకు.

3. వచ్చిన పైసల్లోంచి మొదట నాలుగు లక్షలు నా కొడుకు బాల్‌రాజ్‌కు ఇవ్వాలి. మిగిలింది బాల్‌రాజ్‌కు, నా బిడ్డ శ్యామలకు చెరి సగం. వాడికెందుకు ముందు అని శ్యామల అడుగుతుంది. అందుకే కారణం రాస్తున్నాను.

మూడేళ్ల కింద శ్యామలను పుట్టింటికి పిలిచి, ఒడిలో పసుపు బియ్యం పోసి పంపే ఒడిబియ్యం ఈ ఇంట్లోనే పోశాము. అప్పుడే అల్లుడు మల్లేశ్వర్ తాండూరులో బండల పాలిష్ మిషన్ పెట్టాలని తిరుగుతున్నాడు. బామ్మర్దిని చేయి చాచి అడిగే మనిషి కాదు. ఆ పొద్దున బాల్‌రాజ్ వంటింట్లోకి వచ్చి నాతో, "అమ్మా, ఇది చేబదులే. బావ చిన్నబోతడని ఒడిల ఏస్తున్న. మిషన్ నడిచినంక ఇస్తరు," అన్నాడు. చెల్లెలికీ చెప్పే ఉంటాడనుకున్నాను. తర్వాత వాకిట్లో వాడకట్టు ఆడవాళ్లందరి ముందు పసుపు బియ్యం మీద, ఎండుకొబ్బరి కుడుకల పక్కన నోట్ల కట్టలు పెట్టి, "మా చెల్లెకు అన్న పెట్టేది గిది," అని గట్టిగా అన్నాడు. అందరూ మురిసిపోయారు. వాడు ఇంకా మురిశాడు.

మిషన్ నడిచింది. పైసలు రాలేదు. బాల్‌రాజ్ అడిగితే నా బిడ్డ, "ఒడిల వడ్డది మళ్ల తీస్తరా అన్నా? బియ్యం గూడ తూకమేసి ఇయ్యమంటవా?" అంది. వాడు, "బియ్యం ఉంచుకో, నా నాలుగు లక్షలు ఇయ్యి," అన్నాడు. మూడేళ్లు దాటితే అడగడానికి ఉండదని వకీలు చెప్పాడట, బాల్‌రాజ్ ఇక్కడి కోర్టులో దావా వేశాడు. ఇప్పుడు ఇద్దరూ నన్నే సాక్షిగా రాయించారు. వంటింటి మాట చెబితే బిడ్డ దొంగ. వాకిట్లో మాట చెబితే కొడుకు అబద్ధాలకోరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

కాబట్టి నా నిర్ణయం: ఆ నాలుగు లక్షలు తల్లిగా నేను నా బిడ్డకు ఒడిబియ్యంలో పోసినట్టు. బాల్‌రాజ్ నా తరఫున పెట్టాడు, నేను వాడికి తిరిగి ఇస్తున్నాను. ఒకవేళ అప్పటికే కోర్టు శ్యామల దగ్గర వసూలు చేయిస్తే, ఈ నాలుగు లక్షలు శ్యామలవి. రెండు చోట్లా తీసుకుంటే, బాల్‌రాజ్, నీకు అన్నం అరగదు.

4. వడ్డీ ఇచ్చేది లేదు. బాల్‌రాజ్‌కు టైఫాయిడ్ వచ్చినప్పుడు నా వెండి కడియాలు అమ్మాను. దానికి వాడు వడ్డీ కడితే నేనూ కడతాను.

5. నా బంగారు కమ్మలు శ్యామలకు. ఎడమ కమ్మ శీల వదులు, చూసి పెట్టుకో బిడ్డా. ఇత్తడి గుండిగ కోడలు పద్మారాణికి. నా ముందు ఒక్కసారీ గొంతు పెంచని మనిషి ఆమె. కేసు మాట రాగానే లేచి పొయ్యి దగ్గరికి పోతుంది, నాకు తెలుసు. అల్లుడికి ఏమీ రాయలేదు. రాస్తే మళ్లీ అది అప్పా, పెట్టుబడా అంటారు.

పక్కింటి మార్త నా మందులు చూసుకుంటుంది. కానీ సాక్షి సంతకం ఆమెదే. సాక్షికి ఇస్తే కాగితం మీద లొల్లి పెడతారని విన్నాను. అందుకే నా కుట్టు మిషన్ నిన్ననే ఆమె ఇంటికి పంపించాను. అది ఈ వీలునామాలో లేనట్టే లెక్క.

6. వీలునామా చచ్చాక చదివేదని అందరికీ తెలుసు. కానీ వాయిదా వచ్చే నెలలోనే ఉంది, నేనేమో ఇంకా బతికే ఉన్నాను. బోనులో నిలబెట్టి దేవుని మీద ప్రమాణం చేయిస్తే రెండు మాటలూ చెబుతాను. ఆ తర్వాత వాళ్లిద్దరూ నా గడప తొక్కుతారో లేదో అని అన్నం దిగడం లేదు. అందుకే దీనికి జిరాక్స్ తీయించి ఆటో పాండు చేత ఒకటి బాల్‌రాజ్ ఇంటికి, ఒకటి తాండూరుకు ఇప్పుడే పంపుతున్నాను. చదివి ఇద్దరూ కలిసి రండి. వేరేవేరుగా రావొద్దు. వచ్చి కేసు వాపసు తీసుకున్నామని చెబితే, ఇల్లు ఇప్పుడే అమ్మేస్తాను, కిరాయి గదిలో ఉంటాను. నాకు ఒక్క గది చాలు.

తేది: 14-11-2025
వికారాబాద్

(సంతకం) దేవమ్మ
సంతకం ఒప్పుకోరేమోనని పక్కన ఎడమ బొటనవేలి ముద్ర కూడా వేశాను.

సాక్షులు:
1. మార్త, పక్కిల్లు
2. పాండు, ఆటో డ్రైవర్