ఇంకా డబుల్ అనే పిలుస్తున్నారు

ఆదివారం, మధ్యాహ్నం

అక్కయ్యకు,

నీ చేతి ముద్దలు తిని పెద్దవాడైన తమ్ముడు నమస్కరించి రాస్తున్నాడు. నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ కులాసాయే అని రాయాలి కదా. ఆ మాట దగ్గరే కలం మొరాయించింది. ఫోను ఉండగా ఉత్తరమేమిట్రా అంటావు. ఫోను చేశానే! "ఏరా కవలల నాన్నా" అని నువ్వు నవ్వేసరికి బావ మోకాలినొప్పి ఎలా ఉందని అడిగి పెట్టేశాను. బావకు మోకాలినొప్పి లేదని తర్వాత గుర్తొచ్చింది.

అక్కా, కవలల్లో ఒక బిడ్డ గుండె ఆగిపోయింది. రెండో బిడ్డ బాగానే ఉంది. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు.

పోయినవారం ఆరో నెల స్కానింగుకి వెళ్ళాం. నీ మరదలు బల్ల మీద పడుకుంది. నేను ఆమె చెప్పులూ, హ్యాండుబ్యాగూ పట్టుకుని తల దగ్గర నిల్చున్నాను. డాక్టరమ్మ మొదట్లో బాగానే మాట్లాడింది. ఇదిగో వెన్ను, ఇదిగో పాదం అని చూపించింది. ఉన్నట్టుండి మాట్లాడటం మానేసింది. పొట్ట మీద ఆ పరికరాన్ని ఒకచోట అదిమి, తీసి, మళ్ళీ అక్కడే అదిమింది. నాది ఊరుకునే నోరా? రెండోవాడు దాక్కున్నట్టున్నాడు డాక్టరుగారూ, అప్పుడే దొంగాటలు మొదలెట్టాడు అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆవిడ తెరను తనవైపు తిప్పుకుని ఇంకో డాక్టరుకు ఫోను చేసింది.

ఆ పెద్ద డాక్టరు వచ్చి చూసి, కుర్చీ లాక్కుని మా ఎదురుగా కూర్చున్నాడు. డాక్టరు కుర్చీ లాక్కున్నాడంటేనే ఏదో జరిగిందని తెలిసిపోయింది. ఒక్కోసారి ఇలా అవుతుందట. తల్లి తిన్నదాని వల్లా, చేసినదాని వల్లా కాదట. ఇద్దరూ వేరువేరు ఉమ్మనీటి సంచుల్లో ఉన్నారు కాబట్టి రెండో బిడ్డకు ప్రస్తుతానికి భయం లేదట. కాన్పు దాకా ఇద్దరూ లోపలే ఉంటారట. ఆ 'ఇద్దరూ' అన్న మాటకు నీ మరదలు కళ్ళు మూసుకుంది. ఏడవలేదు. బట్టలు సర్దుకుని లేచి, చెప్పులివ్వండి అంది.

కవలలని మొదట తెలిసిన రోజు బస్సు డిపో అంతా మిఠాయి పంచాను. ఆ పూట నుంచే నా పేరు డబుల్ అయిపోయింది. డ్యూటీలు వేసే పెద్దాయన కూడా, డబుల్‌కి పొద్దుటి బండి ఇవ్వండ్రా, రాత్రుళ్ళయినా పడుకుంటాడు, ముందు ముందు నిద్ర కరువే అంటాడు. ఇప్పుడు వాళ్ళకేం చెప్పను? నా పేరులో సగం కొట్టెయ్యండి అననా? పిలిస్తే పలుకుతున్నాను. జోకు వేస్తే పళ్ళికిలిస్తున్నాను.

మొన్న ఆస్పత్రి స్టాపులో బండి ఆపకుండా పోనిచ్చాను. ఆ గేటు కనబడగానే కాలు బ్రేకు మీదికి రాలేదు. వెనక జనం కేకలు, మా కండక్టరు బెల్లు మీద బెల్లు. తర్వాతి స్టాపులో ఆపాను. ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకున్న ముసలాయన దిగుతూ దిగుతూ, పైకి పోవాలనుంటే నువ్వొక్కడివే పో నాయనా, మమ్మల్ని ఇక్కడే దింపెయ్ అన్నాడు. బండంతా గొల్లున నవ్వింది. కండక్టరు మాత్రం నవ్వకుండా నా దగ్గరకొచ్చి, ఏమైంది డబుల్ అని అడిగాడు. బ్రేకు సరిగ్గా పడలేదన్నాను. బండినిండా మనుషులు అక్కా, పొద్దస్తమానం. ఒక్కరికీ చెప్పలేను.

ఇంట్లో మాటే కరువు. నీ మరదలు వేళకు తింటుంది, మాత్రలు వేసుకుంటుంది, నా యూనిఫాం ఇస్త్రీ చేస్తుంది. గ్యాస్ అయిపోవచ్చిందనీ, కుళాయి కారుతోందనీ చెబుతుంది. ఆ సంగతి మాత్రం ఎత్తదు. కింది వాటా ఓనరమ్మ రెండు బుల్లి దిళ్ళు కుట్టి తెచ్చింది. రెండూ తీసుకుని, దూది ఎంత మెత్తగా ఉందండీ అని ఆవిడను సాగనంపి, తలుపేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ముందుగదిలో ఆ దిళ్ళూ నేనూ మిగిలాం.

నిన్న ఆమె పక్కన కూర్చుని పొట్ట మీద చెయ్యి వేశాను. ఉన్న బిడ్డ ఒక్కసారి తన్నితే చాలు, ఇంకేం అడగను అనిపించింది. ఆమె కాసేపటి తర్వాత నా చెయ్యి తీసి, ఎవరో మరచిపోయిన వస్తువు తిరిగిచ్చినట్టు నా ఒళ్ళోనే పెట్టింది. దొంగాటలన్నందుకు నన్ను క్షమించలేదనుకుంటాను. అడుగుదామంటే అవుననేస్తుందేమోనని భయం.

వీలు చూసుకుని వచ్చి నాలుగురోజులుండి వెళ్ళు. ఆమెకు ఆడతోడు ఉంటుందని. కాదులే, నీ దగ్గర దాపరికమేమిటి, నాకోసమే రా.

బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. వదినగారూ, ఇది రాస్తున్నది నేను, మీ మరదలిని. మీ తమ్ముడి కోడిగీతలకు ఉత్తరాలు దారి తప్పుతాయని కవరు మీద చిరునామా నాచేతే రాయిస్తారు కదా. కవరు అంటించకుండా బల్ల మీద పెట్టి, కారే కుళాయి బాగుచేస్తూ కూర్చున్నారు. చదివేశాను. చదవాలనే అలా వదిలారో ఏమో.

ఆయన వేసిన జోకు నాకసలు గుర్తే లేదు. ఆ స్కానింగు గదిలో సగం మాటలు నా చెవిన పడలేదు. నాకు మంచినీళ్ళు తేవడానికి ఆయన బయటికి వెళ్ళినప్పుడు, ఏ బిడ్డ ఎటువైపు ఉందని డాక్టరమ్మను అడిగాను. ఆ సంగతి ఆయనకు తెలియదు. నిన్న ఆయన చెయ్యి వేసింది ఎడమవైపు. తన్నే బిడ్డ కుడివైపుంది. అక్కడ చెయ్యి వేసి, ఊపిరి బిగబట్టి ఆయన కాచుకుని కూర్చుంటే నేను చూడలేకపోయాను. చెయ్యి ఇటు జరపండి అనాలంటే అటువైపు ఎవరున్నారో చెప్పాలి. అందుకే ఆ చెయ్యి తీసి ఆయన ఒళ్ళో పెట్టేశాను.

నేను ఏడవలేదని రాశారు. ఆయన డ్యూటీకి వెళ్ళగానే రోజూ బస్సెక్కుతున్నాను. ఆయన రూటు కాదు, ఊరవతలికి పోయే ఇంకో రూటు. వెనక సీట్లో కూర్చుని చివరిదాకా పోయి, అదే బస్సులో తిరిగొస్తున్నాను. ఆ దారిలో నన్నెరిగినవాళ్ళు లేరు. టికెట్లు కొట్టే అమ్మాయి ఒకరోజు, ఎక్కడ దిగాలక్కా అని అడిగింది. ఎక్కడైనా పరవాలేదమ్మా అన్నాను. ఆ తర్వాత ఆ పిల్ల నన్ను అడగడం మానేసింది.

మీరు తప్పకుండా రండి వదినగారూ. ఈలోగా రేపు నేను ఆయన బస్సే ఎక్కుతాను. ఆయన డ్రైవరు సీటు వెనకే కూర్చుంటాను. ఏడుపొస్తే అక్కడే ఏడుస్తాను. ఆయన బండి పక్కకు తీసి ఆపేస్తే, ఆపెయ్యనివ్వండి.