అమ్మ దోటి పట్టు

టెక్కలి, 18-8-2003

అమ్మకి, ప్రభువు దయవల్ల నేను బాగున్నాను. నా చెయ్యి విరిగిందని జయకర్ మావయ్య నీతో అన్నాడట. విరగలేదు, కర్రసాములో బొటనవేలు వాచింది, అంతే. ఆదివారం ఆరాధన అయ్యాకే సాధనకు వెళ్తున్నాను, కోప్పడకు.

మా గురువు త్రినాథ్ గారు నౌపడ ఉప్పుమడుల్లో పనిచేస్తారు. అరవై దాటాయి. నిన్న నల్లచొక్కా వేసుకుని కర్ర తిప్పుతూ, మమ్మల్ని నలుగురినీ నాలుగు వైపుల నుంచి తన మీద ఉప్పు విసరమన్నారు. చొక్కా మీద ఒక్క రవ్వైనా పడలేదమ్మా! కర్ర కనపడనే లేదు, గాలి చప్పుడే వినిపించింది.

తర్వాత నా వంతు. ఎడమ భుజమంతా ఉప్పే, కుడివైపు మాత్రం శుభ్రంగా ఉంది. ఆయన నా కుడిచెయ్యి పట్టి చూసి, "ఈ పట్టు నాను నేర్పనేదే! ఎవులు నేర్పినారే?" అన్నారు. జీడితోటలో నీతో పాటు దోటి పట్టుకుని కొమ్మలు వంచేదాన్నని చెప్పాను. "అలాగైతే మీయమ్మే నీకు ముందు గురువు. నా దండాలు సెప్పు" అన్నారు. ఇదిగో, చెబుతున్నాను.

నాన్న రక్తపరీక్ష కాగితం వచ్చిందా? కాళ్ల వాపు తగ్గిందా? వందనాలు చెప్పు.

నా కర్ర చీలిపోయింది. మన పాత దోటికి కొక్కెం ఊడదీసి బస్సులో పంపించు. మరీ పొడవైతే చివర కొయ్యించు. నువ్వు పట్టి పట్టి నున్నబడిన చోటు మాత్రం ఎవరినీ కొయ్యనివ్వకు.

నీ కూతురు
మిరియం